శెనగచేను మీద పంచె

మా అత్త తిరుపాలమ్మకు లోకమంటే శెనగచేను, మా మామ ఈరప్ప. అవి రెండూ కళ్లెదుట ఉంటే వాన రాకపోయినా ఎవర్నీ తిట్టేది కాదు. బెళుగుప్ప దగ్గరి నల్లరేగడిలో పుట్టి, ఆ రేగడికే కోడలై వచ్చిన మనిషి. మహా మొండిది. ఆమె పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

పుష్యమాసంలో శెనగ పూతకొస్తే మామ ఉతికిన తెల్లపంచె ఒకటి తీసుకుపోయి, పొద్దుగూకే వేళ చెట్ల మీద పరిచి వచ్చేవాడు. శెనగాకుకు పుల్లటి చెమట పడుతుంది. మంచుతో కలిసి ఆ పులుపంతా పంచెకు ఎక్కేది. పొద్దు పొడవకముందే పోయి ఇద్దరూ చెరో కొస పట్టుకుని, మెలితిప్పి, చట్టిలోకి పిండేవాళ్లు. వడగట్టి సీసాలో పోసుకుంటే ఏడాదంతా కడుపునొప్పికీ అదే, పప్పులోకీ అదే. ఆ పంచె ఎంత ఉతికినా వాసన పోయేది కాదు. "మీ మామ పక్కన కూచుంటే చింతపండుతో పనిల్యా" అని అత్త ఎగతాళి చేసేది.

అత్తకు షుగర్ ముదిరి, మాత్రలు చాలక డాక్టర్లు ఇన్సులిన్ రాశారు. సూది వేయడం మామే నేర్చుకున్నాడు. జీవితమంతా నాగలి పట్టిన మొరటు చేతులు. వేసిన ప్రతిసారీ "నొప్పి పుట్టిందా?" అనేవాడు. "ల్యాదులే" అనేది అత్త.

పోయిన వేసవిలో మామ చనిపోయాడు. అప్పట్నుంచి అత్త తలుపు మూసుకుని సూది తానే వేసుకునేది. కోడలినైన నన్ను కూడా దగ్గరికి రానిచ్చేది కాదు.

వానాకాలంలో తనకల్లు నుంచి ఆమె చెల్లెలు ఇంద్రాణి ఫోన్ చేసింది. "అక్కా, వెనిగర్ తాగితే షుగర్ దిగుతాదంట, వీడియోలో చూసినా. మన శెనగ పులుపూ అట్లాంటిదే కదా!"

అత్త అటక మీది సీసా దించింది. మామ పిండిన ఆఖరి పులుపు అది. సంగటికి ముందు చెంచాడు మజ్జిగలో కలుపుకుని తాగింది. తిన్నాక షుగర్ మిషన్‌లో చూసుకుంటే అంకె కొంచెం తగ్గింది. ఇక ఆమెను పట్టేదెవరు? నాకు ఒక్క మాట చెప్పకుండా సూది మానేసింది. కొన్నాళ్లకు ఒకటే దాహం, నీరసం. ఒకరోజు గడప దగ్గరే కూలబడిపోయింది.

ఆసుపత్రిలో ఆమె తేరుకున్నాక డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. "వెనిగర్ తీసుకుంటే తిన్నది మెల్లగా అరుగుతుంది. కొందరికి భోజనం తర్వాత షుగర్ కాస్త తక్కువ ఎక్కుతుంది, ఒంట్లో ఉన్న ఇన్సులిన్ కాస్త బాగా పనిచేయొచ్చు. మీ శెనగ పులుపు సంగతి నాకు తెలీదు. ఏదైనా గానీ, ఒంట్లో తక్కువైన ఇన్సులిన్‌ను అది తెచ్చిపెట్టదమ్మా. పప్పులో వేసుకోండి, వద్దనను. సూది మాత్రం మానొద్దు."

డాక్టరమ్మ అటు పోగానే నేను ఆగలేకపోయాను. "సూదికి భయపడి పానం మీదికి తెచ్చుకుంటావా అత్తా? నీకేమన్నా అయితే మేమేం గావాల?"

అత్త గోడవైపు తిరిగి పడుకుంది. అటే చూస్తూ అంది.

"భయం గాదు హేమా. సూది పట్టుకున్నెప్పుడల్లా ఆయప్ప లేడని గెవనమొస్తాది. ఆ పులుపు తాగితే, మీ మామ తన చేత్తో మందిచ్చినట్టుండె."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. మంచం అంచున కూర్చుని ఏడ్చాను.

సీసా అడుగంటింది. మళ్లీ పుష్యమాసం వచ్చింది. ఒక సాయంత్రం పెట్టెలోంచి మామ పంచె తీసి, అత్తను వెంటబెట్టుకుని చేనికి పోయాను. పొద్దున్నే ఇద్దరం చెరో కొస పట్టుకుని పిండాం. అత్త వేలు ముంచి నాకి చూసి మూతి విరిచింది. "మీ మామ పిండితే ఇంకా పుల్లగుండె."

ఇంటికొచ్చాక సంగటి చేశాను, పప్పులో ఆ పులుపే వేశాను. అత్త కంచం ముందు కూర్చోలేదు. సూది తెచ్చి నా చేతిలో పెట్టింది. ఈసారి తలుపు మూయలేదు. నేను సరిగ్గా గుచ్చలేకపోయాను. ఆమె పళ్లు బిగబట్టడం చూశాను.

"నొప్పి పుట్టిందా అత్తా?"

"ల్యాదులే" అంది.