చెన్నూరు పంపుహౌసులో ‘చాలు’

నా ఉద్యోగ విరమణకు ముందరి చలికాలంలో, చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న పాత పంపుహౌసును ఒక శని, ఆదివారాలు జనానికి తెరిచి చూపించే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను మెకానికల్ విభాగంలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరును. పాత కట్టడాలను జనం చూడాలన్నది పైవాళ్ళ ఆలోచన. గోడలు, పాత యంత్రాలు చూపిస్తే సరిపోతుందనుకున్నాను. కాదట, పంపు నడవాలట, నీళ్ళు దూకాలట! మూలన పడ్డ పంపును నడపడమంటే కొబ్బరికాయ కొట్టినంత తేలికనుకుంటారు ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళు.

ఇద్దరిని తెచ్చుకున్నాను. ఫిట్టర్ రాజేశం మా పెద్దపల్లివాడే, ఏళ్ళ తరబడి నా దగ్గర పనిచేసినవాడు. ఆపరేటర్ మారుతి మహారాష్ట్ర సరిహద్దున ఉన్న బోథ్ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చాడు. పాతకాలపు పిడి స్టార్టర్ మీద చెయ్యి తిరిగినవాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది ఆ శనివారం పొద్దుననే.

పంపు కింద బావిలో ఉంటుంది, స్టార్టర్ పైగదిలో ఉంటుంది. అలాంటి పంపుకు ముందుగా కడుపు నిండా నీళ్ళు పట్టాలి. లోపల గాలి మిగిలితే అది నీరు లాగదు. దీన్నే ప్రైమింగ్ అంటాం. పైన మారుతి వాల్వు తిప్పి నీళ్ళు వదలాలి; కింద రాజేశం షాఫ్టును చేత్తో తిప్పుతూ గాలి బయటికి పంపాలి. పంపు నిండగానే వాల్వు కట్టెయ్యమని రాజేశం చెప్పాలి. తర్వాత పక్కకు జరిగి, మోటారు వెయ్యమని చెప్పాలి. కిందివాడి మాటను పైవాడు తిరిగి అడిగి, అవునంటేనే ఏ పనైనా చెయ్యాలి. ఇది మా శాఖలో అందరికీ తెలిసిన నియమం.

బావి చుట్టూ కటకటాల వెంట జనం కిక్కిరిసి ఉన్నారు. నేను వాళ్ళకు వివరిస్తున్నాను. నేనున్న చోటికి కింద రాజేశం, తలుపులోంచి పైన మారుతి కనబడతారు. వాళ్ళు మాత్రం ఒకరికొకరు కనబడరు. పంపు నిండి నీళ్ళు పొర్లాయి.

“చాలు!” అని రాజేశం కేక వేశాడు.

“చాలునా?” అని పైనుంచి మారుతి అడిగాడు.

“ఆఁ, చాలు చాలు!”

నీళ్ళు ఆగలేదు. తలెత్తి చూద్దును గదా, మారుతి స్టార్టర్ పిడి పైకి లాగుతున్నాడు! పిడి పైకి లాగితే మోటారు మెల్లగా అందుకుంటుంది, కిందికి దించితే పూర్తి వేగం. రాజేశం చేతులు ఇంకా షాఫ్టు మీదే ఉన్నాయి. మోటారు గుర్రుమంది. చొక్కా చెయ్యి షాఫ్టు బోల్టుకు చుట్టుకుని మనిషిని గుంజుతోంది. “అవ్వా!” అని అరిచాడు. పంపు నడిచిందని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో అతని కేక కలిసిపోయింది.

“బంద్! మారుతీ, బంద్ చెయ్!” అని పరుగెత్తుతూ అరిచాను. దించబోతున్న పిడిని వదిలేసి అతను ఎర్ర బటన్ నొక్కాడు.

రాజేశం మణికట్టు పైన ఎముక విరిగింది. యేసయ్యా, చెయ్యి దక్కింది, అదే పదివేలు అనుకున్నాను. మారుతి కిందికి దిగి వచ్చేసరికి నాకు కోపం నషాళానికెక్కింది. “తాగొచ్చినవా? మనిషి పానం తీస్తుంటివి గదా!” అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. “ఒట్టు మేడం, తాగలే. ఆయన చాలు అన్నడు. చాలునా అని మళ్ళ అడిగిన. ఆఁ అన్నడు. గందుకే చాలు జేసిన.”

రాజేశం పళ్ళు బిగబట్టి అన్నాడు: “నీళ్ళు చాలన్న గాని, మోటరు చాలు జెయ్యమన్ననా?”

అప్పుడు నాకు విషయం అర్థమైంది. మా పెద్దపల్లిలోనూ మోటారు ‘చాలు చేసిన’ అంటాం, అంటే నడిపించానని. కానీ ఒట్టి ‘చాలు’ అంటే ఇక వద్దనే. మరాఠీ కలిసిన మాటతో పెరిగిన మారుతికి, మోటారు దగ్గర ఒట్టి ‘చాలు’ అన్నా నడిపించమనే. తిరిగి అడిగిన ప్రశ్నా ఆ మాటే, దానికి జవాబూ ఆ మాటే.

సాయంత్రం మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఫోన్ చేసి, మారుతికి మెమో ఇమ్మన్నారు. ఇవ్వనన్నాను. ఇద్దరూ నియమం తప్పలేదు సార్, నియమమే చాలలేదు అని చెప్పాను.

మర్నాడు జనం మళ్ళీ వచ్చారు. షాఫ్టు తిప్పడానికి నేనే దిగాను. దిగేముందు స్టార్టర్ ఫ్యూజులన్నీ పీకి నా చొక్కా జేబులో వేసుకున్నాను. మారుతి చిన్నబుచ్చుకున్నాడు. “నా మీద నమ్మకం లేదా మేడం?” అన్నాడు.

“నీ మీద ఉన్నదయ్యా. మాట మీదనే లేదు” అన్నాను.

ఆ తర్వాత విరమణ దాకా నేను చూసిన ప్రతి పంపుహౌసులోనూ, యంత్రంలో చెయ్యి పెట్టేవాడి జేబులోనే ఫ్యూజులు ఉండాలని పట్టుబట్టాను. పైకొచ్చి తన చేత్తో తనే బిగించాకే మోటారు. ఎవరు ఏ భాషలో ఎంత కేక వేసినా, ఫ్యూజులు లేని మోటారు తిరగదు.