పెళ్ళికొడుకు కిల్టు

నా మేనకోడలు ఒక ఐర్లండు అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ అనుమానపడింది నేనే. అక్క రెండు రోజులు ఏడ్చి సర్దుకుంది. కంకిపాడులో వ్యవసాయం చేసుకునే మా బావగారు, "అది ఇష్టపడింది, మనం కాదంటే ఆగుద్దా" అని పొలానికి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఔననలేదు, కాదనీ అనలేదు. అతన్ని గమనిస్తూ ఉండిపోయాను. ముప్పై ఏళ్ళుగా విజయవాడలో స్కూలు యూనిఫారాలు కుట్టే షాపు నడుపుతున్నాను. లోపలి కుట్టు తిరగేసి చూడకుండా ఏ బట్టనీ బాగుందని అనను. మనుషుల విషయంలోనూ నాకు ఆ బుద్ధే వచ్చింది.

అతను ఇక్కడికి వచ్చింది ఒక డెయిరీలో చీజ్ తయారుచేసే మెషిన్లు బిగించడానికి. మా అమ్మాయి, అదే నా మేనకోడలు, ఆ డెయిరీలోనే పాలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. ఆరు నెలలని వచ్చినవాడు రెండేళ్ళు ఉండిపోయాడు. పెరుగన్నం చేత్తో కలుపుకుని తినడం నేర్చుకున్నాడు. నన్ను "మావయ్యా" అనడం కూడా నేర్చుకున్నాడు. అంత తొందరగా కలిసిపోవడమే నాకు నచ్చలేదు. ఏదో కప్పిపుచ్చడానికే ఇంత మంచితనం చూపిస్తున్నాడని నా మనసుకి తోచేది. సంబంధం మాట్లాడుకున్న రోజు బావగారు అతని తండ్రి గురించి అడిగితే, చిన్నప్పుడే పోయారన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతను మా ఎవరి ముఖం వైపూ చూడలేదు. అది నేను గుర్తుపెట్టుకున్నాను.

పెళ్ళి ఇంకో నెల ఉందనగా మా అమ్మాయి షాపుకి ఒక కవరు తెచ్చింది.

"మావయ్యా, ఇది కాస్త చూసిపెట్టవా? రిసెప్షన్‌లో తను ఇది కట్టుకుంటాడు. నడుం దగ్గర బిగుతైపోయింది."

విప్పి చూస్తే మోకాళ్ళ దాకా వచ్చే లంగాలాంటిది. దాన్ని కిల్టు అంటారంది. గళ్ళు, చారలు ఏమీ లేవు. మొత్తం ఒకటే రంగు, ముదిరిన పసుపు.

"మగవాళ్ళు కట్టుకునేదేనా ఇది?"

"వాళ్ళ సంప్రదాయం మావయ్యా."

"ఎప్పట్నుంచి?"

"ఏమో, ఎప్పట్నుంచో," అని నవ్వి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం బేరాలు లేని వేళ దాన్ని బల్ల మీద పరిచాను. ఏడెనిమిది గజాల దళసరి ఉన్ని గుడ్డని వెనకవైపు ప్లీట్లుగా మడిచి చేత్తో కుట్టారు. ఆడపిల్లల యూనిఫారం స్కర్టులకి ఇన్నేళ్ళు ప్లీట్లు పెట్టినవాణ్ణి, ఆ పని చూసి ముచ్చటపడ్డ మాట నిజం. తర్వాత తిరగేశాను. నడుం పట్టీ లోపల చిన్న గుడ్డముక్క ఉంది. దాని మీద ఎర్రదారంతో ఒక పేరు కుట్టి ఉంది. అది అతని పేరు కాదు. ఇంటిపేరు కూడా కలవలేదు. నడుం దగ్గర బిగించే బకిళ్ళు రెండుసార్లు విప్పి జరిపి కుట్టినట్టు పాత సూదిబెజ్జాలు కనిపిస్తున్నాయి. ఇంతకుముందు వేరెవరో తొడుక్కున్న బట్ట ఇది.

ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాను. ఒక గంట చదివాక తెలిసిందేమిటంటే, కిల్టు అసలు ఐర్లండు వాళ్ళది కాదు, పక్కనున్న స్కాట్లాండు కొండప్రాంతాల వాళ్ళది. ఐర్లండు పాతకాలపు మనుషులు పొడవాటి నారచొక్కా తొడుక్కుని, పైన ఉన్ని దుప్పటి కప్పుకునేవారట. కలిగినవాళ్ళు ఆ చొక్కాకి కుంకుమపువ్వు రంగు వేయించుకునేవారట. ఏలడానికి వచ్చిన ఇంగ్లీషువాళ్ళు ఆ రంగు వెయ్యకూడదని చట్టం కూడా చేశారట. ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడే రోజుల్లో, ఇప్పటికి నూరేళ్ళు దాటి ఉంటుంది, మనకంటూ ఒక దుస్తు ఉండాలని కొందరు అనుకుని, పక్కవాళ్ళ కిల్టు తీసుకుని దానికి తమ పాత చొక్కా రంగు వేసి ఇది మాదే అన్నారు. ఇప్పుడు ఐర్లండు పేరుతో దొరికే గళ్ళ కిల్టులైతే మరీ ఈమధ్య గుడ్డల వ్యాపారులు కనిపెట్టినవట.

అంటే సంప్రదాయమన్న మాట సగం అబద్ధం. తొడుక్కునే బట్ట ఇంకెవరిదో. ఈ రెండూ కలిపి చూసుకుంటే, నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసింది దొరికిందనిపించింది. సంతోషించానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, సంతోషించాను.

ఆదివారం పొద్దున్నే ఆ కవరు పట్టుకుని డెయిరీ గెస్ట్‌హౌస్‌కి వెళ్ళాను. టీ పెట్టి ఇచ్చాడు. ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం. నాకు మాట దొరకని చోట అతను తెలుగు కలిపాడు.

"ఇది మీ సంప్రదాయమన్నావంట. కాదని చదివాను."

అతను నవ్వాడు. "కాదు మావయ్యా. మా తాత జన్మలో కిల్టు కట్టలేదు. చర్చికి ఒక ప్యాంటు, పనికి ఒక ప్యాంటు, అంతే. మాకు సొంతమైనది ఏదీ మిగలకపోతే, ఇది మాది అనుకున్నాం. అనుకుని అనుకుని ఇప్పుడు మాదే అయిపోయింది." మళ్ళీ తనే అడిగాడు. "మీరు నాకు పెళ్ళికి పంచె కుట్టి పంపారు కదా. దానికి నడుం దగ్గర అంటించే వెల్క్రో ఉంది. మీ తాతగారు అలాంటిదే కట్టారా?"

వెటకారంగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాడు. ఆ వెల్క్రో కుట్టింది నేనే. పెళ్ళి సీజన్లో అలాంటివి వందలు కుడతాను. మా తాత పెళ్ళిలో ఏం కట్టుకున్నాడో నాకు నిజంగా తెలియదు. పొలంలో గోచీతోనే చూశాను ఆయన్ని. నాకు చిన్నతనమనిపించింది. అయినా వదల్లేదు.

"అది సరే. లోపల ఈ పేరెవరిది?"

అతని ముఖం మారిపోయింది. టీ గ్లాసు కింద పెట్టాడు.

అది వాళ్ళ ఊరి బ్యాండు మాస్టారి పేరట. పెళ్ళి చేసుకోని మనిషి. పక్కింట్లో ఉండేవాడు. ఇతనికి బ్యాగ్‌పైపనే తిత్తివాయిద్యం నేర్పించి, స్కూలుకి తీసుకెళ్ళి, జ్వరమొస్తే పక్కన కూర్చున్నవాడు. బ్యాండులో తను కట్టుకునే ఈ కిల్టు ఇతనికివ్వమని చెప్పి పోయాడు.

"మరి మీ నాన్న పోయాక ఆయనే చూసుకున్నాడా?"

"నాన్న పోలేదు మావయ్యా. బతికే ఉన్నాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయాడు. వేరే ఊళ్ళో వేరే కుటుంబం ఉంది. ఆరోజు మీ బావగారు అడగ్గానే చనిపోయాడని నోట్లోంచి వచ్చేసింది. తర్వాత ఎలా దిద్దుకోవాలో తెలియలేదు."

"మా అమ్మాయికి తెలుసా?"

"మొదటినుంచీ తెలుసు."

అతని అబద్ధం పట్టుకోవడానికి వెళ్ళి, నేనెత్తుకుని పెంచిన పిల్ల నా దగ్గర దాచిన సంగతి తెలుసుకున్నాను. ఇన్ని నెలల నా అనుమానం నిజమైంది. కానీ గెలిచినట్టు లేదు.

"మా బావగారికి నువ్వే చెప్పాలి," అన్నాను. "నేను చెప్తే చాడీ అవుద్ది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. నా బండెక్కు."

కంకిపాడు దాకా నా వెనక కూర్చుని వచ్చాడు. బావగారు వరండాలో మోటారు విప్పి బాగుచేసుకుంటున్నారు. అతను చెప్పులు విప్పి, నిలబడే, వచ్చీరాని తెలుగులో మొత్తం చెప్పాడు.

"బతికున్న తండ్రిని చచ్చిపోయాడని చెప్తావా?" బావగారు మోటారు పక్కకి నెట్టారు. "ఇంకేం దాచావ్?"

"ఇంకేం లేదండీ."

గుమ్మంలో నిలబడ్డ అక్క మాత్రం, "మీ అమ్మ ఒక్కతే పెంచిందా నాయనా నిన్ను?" అంది. అతను తలూపాడు. బావగారు గ్రీజు చేతులతోనే లేచి చేలోకి వెళ్ళిపోయారు.

నాలుగు రోజులు ఆ ఇంట్లో ఎవరూ పెళ్ళి మాటెత్తలేదు. అయిదో రోజు బావగారు నాకు ఫోన్ చేశారు.

"ఆ గుడ్డ బాగుచేశావా?"

"ఇంకా లేదు బావా."

"చెయ్యి మరి. ఎన్నాళ్ళుందని పెళ్ళి? ఆ మాస్టారి పేరు మాత్రం పీకెయ్యమాక."

నడుం రెండంగుళాలు వదులు చేసి, పట్టీ విప్పకుండా పేరు అలాగే ఉంచాను. వాళ్ళమ్మ ఒక్కతే వచ్చింది పెళ్ళికి. రిసెప్షన్లో అతన్ని ఆ కిల్టులో చూసి మా ఊరివాళ్ళు ముందు నోళ్ళు నొక్కుకున్నారు, తర్వాత ఫోటోలు దిగడానికి వరస కట్టారు. "వాళ్ళ పూర్వకాలపు డ్రెస్సంటండీ" అని ఒకాయన పక్కాయనకి చెప్తుంటే నేను సరిదిద్దలేదు.

అంతకుముందు పెళ్ళిలో, పీటల మీదకి తీసుకెళ్ళే ముందు గదిలో మా అమ్మాయిని అడిగాను. "నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు తనని ఎలా చూస్తున్నావో నాకు తెలుసు మావయ్యా. చెప్తే ఊరుకునేవాడివా? ఇంకేముందా అని వెతికేవాడివి."

దాని చెయ్యి పట్టుకుని లేవదీశాను.

వాళ్ళిప్పుడు విజయవాడలోనే ఉంటున్నారు. నా బుద్ధి పెద్దగా మారలేదు. మొన్నామధ్య వాళ్ళింట్లో భోజనాల దగ్గర అతను ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. పావుగంటైనా రాలేదు. వచ్చాక ఉండబట్టలేక అడిగేశాను, ఎవరితో అని.

"నాన్నతో," అన్నాడు.

ఎప్పటినుంచి మాట్లాడుకుంటున్నారని అడగబోయాను. మా అమ్మాయి నావైపే చూస్తోంది. పెరుగు గిన్నె అతని వైపు జరిపాను.