సున్నం కట్టిన వేర్లు

మొక్కలమ్మేవాళ్లను నేను నమ్మను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు, కారణాలున్నాయి. హోసూరు బస్టాండు దగ్గర తోపుడుబండి మీద కొన్న గులాబీకి నిండా మొగ్గలే. ఇంటికి తెచ్చుకుని నాలుగు రోజులు మురిసిపోయాను. ఐదో రోజు వాడిపోతే పీకి చూశాను. వేరు లేదు. కోసిన కొమ్మను మట్టిలో గుచ్చి అమ్మాడు. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర ఒకాయన తెల్ల మందారమని ఇచ్చింది ఎర్రగా పూసింది. నిలదీద్దామని పోతే ఆయనా లేడు, బండీ లేదు. పక్కనున్న టీకొట్టువాడు అట్లాంటి మనిషిని ఎప్పుడూ చూడలేదన్నాడు. అతని మీదా నాకు అనుమానమే.

అటువంటిదాన్ని ఫోనులో బొమ్మ చూసి ఆర్కిడ్ మొక్క తెప్పించుకున్నానంటే దానికి మా షెడ్డే కారణం. మాది కెలమంగలం పక్కన పల్లె. పట్టుపురుగులు పెంచేవాళ్లం. పక్క టమాటా తోటలో కొట్టిన మందు గాలికి మా మల్బరీ ఆకు మీద పడి వరుసగా రెండు పంటలు పోయాయి. మూడోసారికి ధైర్యం చాలలేదు. పురుగుల షెడ్డు ఖాళీగా పడి ఉంది. టమాటా క్రేట్లు పెట్టుకోవడానికి బాడుగకు ఇమ్మని ఒక వ్యాపారి మా ఆయన చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నాకు ప్రాణం ఒప్పలేదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నేను ఇంట్లో కంటే ఆ షెడ్డులోనే ఎక్కువసేపు ఉన్నాను. నీడ, తేమ, చల్లదనం అన్నీ కుదిరేట్టు కట్టుకున్నది. ఆర్కిడ్లకు కావలసిందీ అదేనని తెలిసి మా ఆయనతో చెప్పాను.

"ఒక చెట్టు తెప్పించు. నీ చేతిలో అది కొత్త వేరు విడిస్తే షెడ్డు నీది. లేదంటే క్రేట్లు వచ్చేస్తాయి," అన్నాడు.

అమ్మేది కృష్ణగిరిలో ఒకావిడ. మొక్కలవాళ్ల వాట్సాప్ గ్రూపులో దొరికింది. డబ్బు వేసిన వెంటనే ఒక షరతు పంపింది. పెట్టె విప్పేటప్పుడు వీడియో తియ్యాలి, ఏదైనా లోపముంటే ఒక్క రోజులోపల చెప్పాలి. అది చదివినప్పుడే నాకు మెలిక కనిపించింది. మంచి సరుకు అమ్మేవాళ్లకు ముందే ఈ జాగ్రత్తలెందుకు? మా ఊరికి బస్సులో రెండు గంటల దారి, ఆ పెట్టె మాత్రం నాలుగు రోజులకు వచ్చింది. ఎక్కడెక్కడ తిప్పారో దేవుడికే తెలియాలి.

వీడియో మా ఆయన తీశాడు. నేను విప్పాను. పేపరు, దాని లోపల నాచు, నాచు లోపల మొక్క. ఆకులు మెత్తబడి వేలాడుతున్నాయి. వేర్లు చూశాను. ఒక్కటి తప్ప అన్నీ తెల్లగా, సున్నం పూసినట్టున్నాయి.

పురుగులు పెంచిన ఇళ్లలో ఆ తెలుపంటే ఏమిటో పిల్లలకు కూడా తెలుసు. సున్నపుకట్టు రోగం. అది సోకిన పురుగు చచ్చి, గట్టిపడి, తెల్లటి సుద్దముక్క అయిపోతుంది. ఒక్కదాన్ని వదిలేస్తే షెడ్డంతా పోతుంది. అందుకే ఏ పురుగు మీద అనుమానం వచ్చినా ఆలోచించకుండా ఏరి సున్నపు నీళ్లలో వేస్తాం. రేపు చూద్దాం అనే మాట ఆ పనిలో లేదు. మా అత్త నాకు నేర్పిన మొదటి పాఠం అదే.

వేర్లన్నీ తెల్లగా చచ్చి ఉన్నాయని కృష్ణగిరావిడకు మెసేజ్ పెట్టాను. వీడియో మాత్రం పంపలేదు. పంచాయితీ అయితే పనికొస్తుందని దాచుకున్నాను. కాసేపటికి ఆమె వాయిస్ మెసేజ్ వచ్చింది, గొంతు చాలా నిమ్మళంగా ఉంది.

"భయపడొద్దమ్మా. దారిలో ఎండినట్టుండాది. ఇయ్యాల నీడలో పెట్టు. రేపు పొద్దున నీళ్లు చిలకరించి చూడు, అప్పుడు తెలస్తాది. వేర్లు మాత్రం కొయ్యొద్దు."

రేపు పొద్దునట. ఒక్క రోజు గడువు దాటేదాకా నన్ను కూచోబెట్టే ఎత్తు కాకపోతే మరేమిటి? కొయ్యొద్దని అంత గట్టిగా చెప్పిందంటే కోస్తే ఏదో బయటపడుతుందనే కదా. కత్తెరను బ్లీచింగు నీళ్లలో ముంచి తుడిచాను. తెల్లగా కనిపించిన ప్రతి వేరూ కోసేశాను. కోసిన చోట పసుపు అద్దాను. చిటికెన వేలంత పచ్చటి వేరు ఒక్కటి మిగిలింది. కోసేటప్పుడు కొన్ని వేర్ల లోపల పచ్చగా, తడిగా ఉంది. చూశాను. చూసి కూడా కత్తెర ఆపలేదు.

రెండు వారాలకు ఆకులు ముడతలు పడ్డాయి. వ్యాపారి షెడ్డు కొలుచుకోవడానికి టేపు పట్టుకుని వచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే మొక్కను సంచిలో పెట్టుకుని, రాయకోట మీదుగా కృష్ణగిరి బస్సెక్కాను. దారి పొడుగునా ఆవిడను ఎట్లా కడిగెయ్యాలో మాటలు పేర్చుకున్నాను.

అడ్రసు సరైనదే కావడం నాకు మొదటి ఆశ్చర్యం. మేడ మీద పచ్చ వల కట్టుకుని, దాని కింద తీగలకు మొక్కలు వేలాడదీసింది. నా ఈడు మనిషే. చేతిలో నీళ్ల గొట్టం ఉంది.

"యాడ్నించి వచ్చినావమ్మా? కూచో," అంది.

నేను కూచోలేదు. తల ఎత్తి చూస్తున్నాను. అన్ని మొక్కలకూ వేర్లు కిందికి వేలాడుతున్నాయి, అన్నీ తెల్లగా. ఒక్కో మొక్కా నవనవలాడుతోంది. ఆమె నాతో మాట్లాడుతూనే నీళ్లు కొట్టింది. తడి తగిలిన వేరు తగిలినట్టే, నా కళ్ల ముందే, పచ్చబడుతూ పోయింది. పొడిగా ఉన్నప్పుడు తెలుపు, తడిస్తే పచ్చ. బతికున్న వేరు రంగే అది.

నేను సంచి వెనక్కి లాక్కునేలోపే ఆమె అందుకుని మొక్కను బయటికి తీసింది.

"వేర్లు ఏమైనాయమ్మా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. టేపు పట్టుకున్న వ్యాపారి కళ్లలో మెదిలాడు.

"విప్పేటప్పుడే రాలిపోయినాయి," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూడలేదు, మొక్కనే చూసింది. కోసిన చోట్ల నా పసుపు ఇంకా అంటుకుని ఉంది. దాన్ని వేలితో తడిమింది.

"ఈ తడవ ప్యాకింగు నేను చూసుకోలేదమ్మా. నాచు సరిగ్గా తడపకుండా కట్టినట్టుండారు. తప్పు మాదే," అని, తీగ మీద నుంచి గుబురు వేర్లున్న మొక్కను దింపి నా సంచిలో పెట్టింది. వీడియో ఉందని నేను గొణిగాను, ఎందుకన్నానో తెలియదు. "అదేమీ వద్దులేమ్మా, నువ్వు చెప్తే చాలదా," అంది.

ఇంటికొచ్చాక మా ఆయన కొత్త మొక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఊరికే ఎవురిస్తారు? ఏం చెప్పి తెచ్చినావే?"

"మంచి మనిషి. ఇచ్చింది," అన్నాను. అందులో సగం నిజం.

ఆ మొక్క నెలలోపలే వేరు విడిచింది. మా ఆయన మాట తప్పలేదు. ఇప్పుడు షెడ్డు నిండా ఆర్కిడ్లే. నేనూ అమ్ముతున్నాను, మొక్కలమ్మేవాళ్లలో నేనూ ఒకదాన్నయ్యాను. కృష్ణగిరావిడకు నిజం చెప్పాలని చాలాసార్లు ఫోను చేశాను. చెట్లెట్లున్నాయని ఆమె అడుగుతుంది, బాగున్నాయని చెప్పి పెట్టేస్తాను. పసుపు చూసి ఆమెకు అప్పుడే అర్థమైందా, లేదా? ఇన్నాళ్లూ ఊరందరినీ అనుమానించినదాన్ని, ఈ ఒక్క విషయంలో ఏ అనుమానం పడాలో తెలియక చస్తున్నాను.

పోయిన నెల బేరిగై నుంచి ఒకామె వచ్చింది.

"కృష్ణగిరిలో చెట్లమ్మే అక్కను అడిగితే ఈడికి పొమ్మనిరి. ఆ యమ్మ దగ్గర తీసుకో, నమ్మకమైన మనిషి, కండ్లు మూసుకోని తీసుకోవచ్చు అనిరి," అంది.

లోపలికి పోయి మొక్క తేవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఉన్నవాటిలో మంచిది తెచ్చాను. కుండీ పైకెత్తి, "వేర్లు చూసుకో అమ్మా," అన్నాను. ఆమె చూడకుండానే సంచిలో పెట్టుకుంది.