సబ్బుల బాబు విత్తనాలు అమ్మిన ఏడాది

సబ్బుల బాబు పోయాడని విజయనగరం బస్సు కండక్టరు చెప్పాడు. నేను ఆరోగ్య కేంద్రం వరండాలో పిల్లలకు టీకాలు వేస్తున్నాను. "సిస్టరమ్మా, మీ సబ్బుల బాబు ఎల్లిపోనాడు. మొన్న పొద్దున్న, సెల్లెలింటికాడ" అని బస్సు ఫుట్‌బోర్డు మీంచే కేకేశాడు. కిడ్నీలు చెడిపోయాయని తెలుసు. చెల్లెలు వచ్చి తీసుకెళ్లిందే అందుకు. అన్నీ తెలిసిన నర్సునే నేను. అయినా ఆ మాట వినగానే చేతిలో సూది పక్కన పెట్టేసి లోపలికి వెళ్లి ఏడ్చాను.

ఆయనకీ తల్లిదండ్రులు పెట్టిన పేరొకటుంది. మా అరకు కొండల్లో దాని అవసరం ఎవరికీ పడలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సబ్బుల కంపెనీ తరఫున సంతలు తిరిగేవాడు. చింతపండు గంపల మధ్య నిలబడి, చెంబుడు నీళ్లు తెప్పించుకుని, ముందు తన మొహానికే సబ్బు రుద్దుకునేవాడు. మీసాలనిండా నురగతో "సూడండి, నానేమైనా అరిగిపోనానా?" అనేవాడు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. "ఆ మొహం తోమీ తోమీ ఇత్తడి చెంబయిపోతుంది, ఆపండి బాబూ" అని నేను కసురుకుంటే, "మనం వాడి చూపించకుండా ఒకరికి అంటగడితే అది యాపారం కాదు సిస్టరూ, మోసం" అనేవాడు. అబద్ధమాడగా నేను చూడలేదు. అందుకే సంతలో ఆయన మాటకు అంత విలువ.

కొండల మీద గిట్టుబాటు కావడం లేదని ఆ కంపెనీ ఆయన్ని తీసేసింది. కొన్ని నెలలు ఖాళీగా తిరిగాడు. చిక్కిపోయాడు. తర్వాత ఒకరోజు ఇస్త్రీ చొక్కాతో, చంకలో తోలుసంచితో దిగాడు. హైబ్రిడ్ జొన్న విత్తనాల కంపెనీలో చేరాడట.

"వ్యవసాయం వొచ్చా అన్నారు. రాదన్నాను. మరేటొచ్చు అన్నారు. అమ్మడం వొచ్చన్నాను. ఉద్యోగం ఇచ్చీసారు" అని మురిసిపోతూ చెప్పాడు.

"బాగుంది సంబడం! జొన్నకీ సజ్జకీ తేడా తెలుసా మీకు?" అన్నాను.

"నేర్చుకుంటాను. సరుకేదైతే ఏటి సిస్టరూ, మనం అమ్మీది నమ్మకం కదా."

ఆ మాట నాకూ నచ్చింది, దాచడం ఎందుకు. మనిషి మళ్లీ నిలదొక్కుకున్నాడని సంతోషించాను. కంపెనీ వాళ్లు పట్నంలో హోటలు హాల్లో కూర్చోబెట్టి పాఠాలు చెప్పారట. ఎకరానికి ఎంత పండుతుంది, రైతును ఎలా పలకరించాలి, పక్క కంపెనీ మీద ఏం చెప్పాలి, అన్నీ చెప్పారు. గింజలకు పట్టించిన గులాబీ రంగు ఏమిటో చెప్పలేదు. పెద్ద బస్తాల మీద ఏదో హెచ్చరిక ఉండేదేమో. ఆయన చేతికిచ్చినవి మాత్రం నమూనా పొట్లాలు, ఉత్త కాగితం పొట్లాలు. సబ్బులకు రంగు అందం కోసం వేస్తారని ఆయనకు తెలుసు. విత్తనాలకూ అంతే అనుకున్నాడు. రైతుబిడ్డ ఎవడైనా అనుమానపడేవాడు. సబ్బులమ్మిన మనిషికి ఆ అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మా పై కొండ మీద ఒక గూడెం ఉంది. విత్తడానికి ముందు అక్కడ విత్తనాల పండగ చేస్తారు. బయటినుంచి వచ్చిన కొత్త గింజ ఏదైనా సరే, తెచ్చినవాడు అందరి ఎదుటా ముందు తినాలి. తర్వాత దాన్ని జావ కాచి ఇంటింటికీ పోస్తారు, పసిపిల్లలకు మొదట. నోటికి పెట్టని గింజను నేలకు పెట్టరు. ఆ ఏడు పండక్కి పొట్లాలతో వెళ్లిన మా బాబుకు, గూడెం పూజారి ఈ పద్ధతి చెప్పగానే ప్రాణం లేచొచ్చి ఉంటుంది. తను జీవితమంతా నమ్మిన మాట కదా అది! పొట్లం విప్పి గుప్పెడు నోట్లో పోసుకుని నమిలాడు.

"ఏటి బాబూ ఈ రంగు?" అని పూజారి అడిగాడట.

"సోకు తాతా. సబ్బుకి నేదా?" అన్నాడట.

వాళ్లు కడిగారు కూడా. కొంత రంగు నీళ్లలో పోయింది. మిగిలింది జావలోకి వెళ్లింది.

చీకటి పడకముందే డోలీలు దిగడం మొదలైంది. మంచాలకు కర్రలు కట్టి మోసుకొచ్చారు. ఒక డోలీ కర్ర బాబు భుజం మీదే ఉంది. రెండడుగులు వేయడం, ఆగి కక్కుకోవడం, మళ్లీ ఎత్తుకోవడం. "నన్నొదిలీయండి సిస్టరూ, ముందు గుంటని సూడండి, బేగి" అని అరుస్తున్నాడు. ఆ డోలీలో ఉన్నది పూజారి మనవరాలు. ఐదేళ్లుంటాయేమో. ఏ మందో తెలిస్తే విరుగుడు ఆలోచిస్తానని మా కేంద్రం డాక్టరుగారు బాబు రెక్క పట్టుకుని ఊపేశారు. ఆయనకు తెలిస్తే కదా! "రంగండీ, ఉత్త రంగండీ" అంటాడు. విత్తనాలకు పురుగు పట్టకుండా పూసే విషపు మందు అదని తర్వాత తెలిసింది. ఆ పిల్ల నా ఒళ్లోనే పోయింది. ఒక ముసలమ్మ తెల్లారాక పోయింది. మిగతావాళ్లు దక్కారు, ఆయనా దక్కాడు. తను దక్కినందుకు ఆయన ఎన్నడూ సంతోషించలేదు.

గింజలు తినమని ఎవరు చెప్పారని కంపెనీ టెలిగ్రాం ఇచ్చింది. అంతే, ఒక ముక్క! పోయిన ప్రాణాల ఊసు లేదు. తర్వాత, మైదానానికి బదిలీ చేస్తాం, నోరు మూసుకుని రమ్మన్నారు. ఈయన రాజీనామా పంపి పోలీస్ స్టేషనుకు వెళ్లి తనను పట్టుకోమన్నాడు. వాళ్లు గూడేనికి వెళ్లి పూజారిని అడిగారు. ఆ ముసలాయన, మనవరాలిని మట్టిచేసి వచ్చిన మనిషి, ఏమన్నాడో వినండి. "మా కళ్లముందు తిన్నాడు. ఎరిగుంటే తింతాడా? ఆడి మీద మాకేటీ నేదు."

తిట్టినా కొట్టినా బాబు తట్టుకునేవాడు. ఆ మాటకు తట్టుకోలేకపోయాడు. ఇక్కడే ఉండిపోయాడు. గిరిజన పిల్లల హాస్టలు వంటగదికి సరుకులు మోసి పొట్టపోసుకునేవాడు. సంతరోజు గులాబీ గింజలున్న గాజుసీసా పట్టుకుని నిలబడేవాడు. "ఇది తినకండి. కడిగినా తినకండి. కోళ్లకీ ఎయ్యకండి" అని గొంతు పోయేదాకా చెప్పేవాడు. అప్పటికే చేతులు వణికేవి, సీసాలో గింజలు గలగలమనేవి. ఆ విషం మహిమేనేమో అనేవారు డాక్టరుగారు. ఎరువుల కంపెనీవాళ్లు ఒకసారి వెతుక్కుంటూ వచ్చారు. "కొండవాళ్లు మీ మాట వింటారట, మాతో చేరండి" అన్నారు. "ఇంతారు బాబూ, అందుకే రాను" అన్నాడు.

పండగ వెళ్లాక ఏటా ఆ గూడెం ఎక్కేవాడు. పూజారి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. అందరూ పలకరించేవారు, ఆ పిల్ల తల్లి తప్ప. వాకిట్లో నిలబడితే తల ఎత్తేది కాదు. తన పనేదో తను చేసుకునేది. ఈయన కాసేపు నిలబడి దిగి వచ్చేసేవాడు. "ఒక్క తిట్టు తిడితే బాగుణ్ణు సిస్టరూ. నా కొడకా అని ఒక్కసారి అంటే సాలు" అనేవాడు. నాకు ఆమె మీద కోపం వచ్చేది. మరుక్షణం నా ఒళ్లో పోయిన పిల్ల గుర్తొచ్చి నోరు మూసుకునేదాన్ని. జబ్బు ముదిరి కొండ ఎక్కలేని చివరి ఏడు కూడా, "ఆవిడేమైనా అందా?" అని పైనుంచి దిగినవాళ్లందరినీ అడిగాడు. ఏమీ అనలేదు.

ఆయన పోయిన కబురు గూడేనికి నేనే తీసుకెళ్లాను. పూజారి పోయి చాలాకాలమైంది. ఇంట్లో ఆ పిల్ల తల్లి ఒక్కతే ఉంది, పొయ్యి మీద అంబలి కాగుతోంది. చెప్పాను. చాలాసేపు గరిటె తిప్పుతూనే ఉంది. ఈ చావుకైనా పలకదా అని నాకు ఒళ్లు మండింది, లేవబోయాను.

"మా గుంట కోసం ఏడ్సీవోళ్లం ఇద్దరం ఉండీవోళ్లం. ఇంక నానొక్కదాన్నే" అంది.

కుండ దించి పక్కన పెట్టింది. చావు జరిగిన ఇంట్లో చేసినట్టే, చెంబుతో నీళ్లు తెచ్చి పొయ్యిలో పోసింది. నిప్పులు చుయ్యిమన్నాయి. ఆ పొగలో ఇద్దరం కూర్చున్నాం.