పొగ మాన్పిన మందు

ఆ పేటలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లలకీ పెద్దలకీ ఆమె స్టీరింగక్కే. కారు నడుపుకుని బతికే ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేకపోవడంతో ఆ పేరు అలా అంటుకుపోయింది. నిజానికి కారు ఆమెది కాదు, తమ్ముడిది. తుక్కు సామాన్ల మధ్య నుజ్జయి పడివున్న బండిని తెచ్చి, షెడ్డులో పనయ్యాక మిగిలిన పొద్దంతా దాని మీదే గడిపి, దానికి మళ్ళీ ప్రాణం పోశాడు. ఇంజన్ చప్పుడు విని జబ్బేమిటో చెప్పగల మెకానిక్ అతను. అలాంటివాడి మూత్రపిండాలు రెండూ చెప్పాపెట్టకుండా పని మానేశాయి.

అప్పట్నుంచి రోజు విడిచి రోజు డయాలసిస్. ఆసుపత్రి కొండ మీద. బస్సులో వెళ్ళాలంటే మధ్యలో దిగి మారాలి, కూర్చోవడానికి చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని, భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉంటున్న అక్క స్టీరింగ్ పట్టింది. పొద్దున్నే అతన్ని మిషన్ దగ్గర దింపి, అది అయ్యేలోగా బాడుగలు చూసుకుని, మళ్ళీ ఎక్కించుకుని ఇంటికి వచ్చేది.

బండి వెనక నీలం పొగ మొదట చూసింది ఎదురింటి టైలరు. "మీ కారు కూడా చుట్ట తాగుతోందక్కా" అని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. బానెట్ ఎత్తి ఆయిల్ పుల్ల తీసి చూసింది. పుల్ల కొసన మాత్రమే తడి. ఇంజన్ ఆయిల్ తాగేస్తోంది. లోపల పిస్టన్ రింగులు అరిగిపోయాయి. తమ్ముడితో ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాక ఆ మాత్రం ఆమెకూ తెలుసు.

తెలిసీ ఏం చెయ్యాలి? రింగులు మార్చాలంటే ఇంజన్ విప్పాలి. విప్పితే బండి వారాల తరబడి షెడ్డులోనే ఉంటుంది. ఒక రోజంటే ఎవరో ఒకరు కారు ఇస్తారు. దారిలో వాంతులు చేసుకునే రోగిని రోజు విడిచి రోజు ఎక్కించుకునేదెవరు? తమ్ముడికి చెబితే బండి ఆపమంటాడు. ఆసుపత్రి మానేసైనా సరే, ఇంజన్‌ని అలా చంపుతుంటే చూడలేడు. వాడి సంగతి ఆమెకు బాగా తెలుసు. చెప్పలేదు.

స్పేర్ పార్ట్స్ షాపాయన ఒక సీసా చేతిలో పెట్టాడు. "ఇది ఆయిల్లో కలపండక్కా. ఆయిల్ చిక్కబడుతుంది, ఇంజన్ అరగదు, పొగ మాయం."

చెప్పినట్టే పొగ తగ్గింది. ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది. మళ్ళీ కనిపించగానే మళ్ళీ పోసింది. ఆయిల్ తగ్గినప్పుడల్లా కొత్త ఆయిల్, దానితో పాటు ఇంకో సీసా. ఖాళీ సీసాలు పాత గుడ్డలో చుట్టి సీటు కింద తోసేది. కొన్నాళ్ళకు డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ పసుప్పచ్చగా వెలిగింది. తమ్ముడి కంట పడకూడదని దాని మీద నల్ల టేపు ముక్క అతికించింది. ఆ తర్వాత బండి ఎత్తు ఎక్కడానికి మొరాయించసాగింది. పెట్రోల్లో కల్తీ అయ్యుంటుందని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆ పొద్దున తమ్ముడి పరిస్థితి బాగాలేదు. క్రితంసారి ఆసుపత్రిలో మిషన్ చెడిపోయి అతని వంతు తప్పిపోయింది. ఒంట్లో నీరు చేరి కాళ్ళు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడటం లేదు. వెనక సీట్లో దిండ్లు పేర్చి కూర్చోబెట్టి బయల్దేరింది. కొండ దారిలో సగం దూరం వెళ్ళేసరికి ఎంత తొక్కినా బండి ముందుకు రానంటోంది. పెద్ద మలుపు దగ్గర ఒక్క వణుకు వణికి ఆగిపోయింది.

తాళం తిప్పింది. ఇంజన్ అందుకుంది గానీ పెడల్ తొక్కగానే గొంతు పట్టుకున్నట్టు మూలిగి చల్లబడిపోయింది. ఫోన్ చూసింది, సిగ్నల్ లేదు. చెయ్యి అడ్డం పెడితే ఒక లారీ ఆగకుండా పోయింది. అద్దంలో చూస్తే తమ్ముడి పెదాలు నల్లబడుతున్నాయి.

"అక్కా." మాట మాటకీ మధ్య రొప్పుతున్నాడు. "ఏం పోశావు ఇంజన్లో?"

ఆమె మళ్ళీ తాళం తిప్పింది.

"వాసన తెలుస్తోంది. చెప్పు."

"సీసా మందురా. పొగ రాకుండా. చాలాసార్లు పోశాను."

అతను కళ్ళు మూసుకున్నాడు. అయిపోయిందనుకుంది. అంతలో మళ్ళీ గొంతు వినిపించింది.

"పొగ గొట్టంలో కన్వర్టర్ మూసుకుపోయింది. పొగ బయటికి పోయే దారి లేదు. డిక్కీలో పెద్ద స్పానర్లున్నాయి. బానెట్ ఎత్తు. ఇంజన్ ముందు ఇనప గొట్టం, దానికి వైరున్న సెన్సరుంటుంది. విప్పెయ్యి."

"విప్పితే?"

"ఆ కన్నంలోంచి పోతుంది పొగ. అద్దాలన్నీ దించు. లేకపోతే ఇద్దరం ఇక్కడే పోతాం."

గొట్టం కాలిపోతోంది. చీర కొంగు స్పానర్‌కి చుట్టింది. సెన్సర్ బిగుసుకుపోయి కదల్లేదు. కాలు బంపర్‌కి తన్నిపెట్టి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగింది. స్పానర్ జారి అరచెయ్యి గొట్టానికి అంటుకుంది. చర్మం కమిలిన వాసన ముక్కుకు తగిలింది. చెయ్యి తీసి, మళ్ళీ అదే చేత్తో పట్టింది. ఏడుస్తూనే లాగింది. కిర్రుమని మర తిరిగింది. సెన్సర్ని వైరుతో సహా గొట్టానికి దూరంగా కట్టేసి వచ్చి తాళం తిప్పింది.

బండి పెద్ద పులిలా గర్జించింది. కదిలింది. పొగకి కళ్ళు మండుతుంటే, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, "ఒరేయ్, మాట్లాడుతూ ఉండు" అని అరుస్తూ కొండెక్కించింది. అతను మాట్లాడలేదు. ఆసుపత్రి గేటు దగ్గర స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే మాత్రం అతని వేళ్ళు ఆమె చీర అంచు పట్టుకుని వదల్లేదు.

బతికాడు. కానీ గుండె బాగా దెబ్బతిందని డాక్టరు చెప్పింది. ఇకపై కొండ దిగి ఎక్కే ప్రయాణాలు వద్దంది. ఆసుపత్రి వెనక, రోగుల బంధువులుండే రేకుల హాల్లో ఇద్దరికీ ఒక మూల దొరికింది.

"నాకెందుకు చెప్పలేదు?" తెలివొచ్చాక అతను అడిగిన మొదటి మాట అది.

"చెబితే బండి ఆపమంటావు. ఆపితే నిన్నెలా తేవాలి?"

ఆమె చేతికున్న పట్టీ వైపు చూశాడు. "ఆపమనేవాణ్ణే" అన్నాడు.

అతను పనిచేసిన షెడ్డు మేస్త్రి వచ్చి బండిని లాక్కెళ్ళాడు. రెండు రోజులాగి కన్వర్టర్ విప్పి పట్టుకొచ్చాడు. లోపల పొగని శుభ్రం చేసే సన్నని గదులు తేనెపట్టులా ఉండాల్సింది, ముందు వైపంతా తెల్లటి గాజు పూత పూసినట్టుంది, నడిమధ్యన కరిగి ముద్దయింది.

"ఆయిల్లో జింకూ ఫాస్ఫరస్సూ ఇంజన్ అరక్కుండా ముందే కలిపి ఉంటాయమ్మా" అన్నాడు మేస్త్రి. "ఆ సీసాలో ఉండేదీ అవే. ఆయిల్ ఇంజన్లోనే ఉంటే ఫరవాలేదు. మన బండి ఆయిల్ తాగేస్తోందిగా, కాలిపోయి పొగతో పాటు వచ్చి దీని మీద పేరుకుంది. దీనికది విషం. పైగా ఒక స్పార్క్ ప్లగ్గు నిప్పు పుట్టించడం మానేసింది. మండని పెట్రోలు ఇక్కడికొచ్చి మండి దీన్ని కరిగించింది." గొంతు తగ్గించాడు. "కావాలంటే లోపలిది పొడిచి తీసేస్తాను. డొల్ల గొట్టం బిగిస్తే రేపే బండి తిరుగుతుంది."

ఆమె సరే అనబోయింది. తమ్ముడు మంచం మీంచే చెయ్యి ఊపాడు.

"వద్దు మేస్త్రీ. ఆ పొగ మనమే పీల్చాలి. ముందు రింగులు మార్చు. అవి మార్చకుండా కొత్త కన్వర్టర్ పెట్టినా ఆయిల్ పొగ దాన్నీ చంపుతుంది."

మేస్త్రి ఇంజన్ విప్పాడు. ఆమె పట్టీ కట్టిన చేత్తో అతని పక్కన కూర్చుని పిస్టన్లు తుడిచేది, సాయంత్రానికి కొండెక్కి తమ్ముడి దగ్గరికి వచ్చేది. ఆ రోజుల్లోనే అతను పాఠాలు మొదలుపెట్టాడు. డయాలసిస్ అయి వచ్చాక పాలిపోయిన మొహంతో, గోడకి చేరగిలబడి, ఇంజన్ గురించి తనకు తెలిసిందంతా చెప్పేవాడు. రింగుల సందు ఎంతుండాలి, వాల్వు చప్పుడెలా ఉంటుంది, వేడెక్కినప్పుడు రేడియేటర్ మూత ఎందుకు తియ్యకూడదు. నీరసం వస్తే ఆగి, మంచినీళ్ళతో పెదాలు తడుపుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. అంత తొందరెందుకో ఆమెకు మొదట్లో అర్థం కాలేదు. అర్థమైన రోజు బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున ఏడ్చింది.

మర్నాడు అతను ఇంజన్ పైభాగాన్ని బిగించే హెడ్డు బోల్టుల సంగతి ఎత్తాడు. ఏ వరసలో బిగించాలో వేళ్ళతో దుప్పటి మీద చూపించాడు.

"ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు. ముందు ఏవి బిగిస్తావు?"

మధ్యలోవి. ఆ తర్వాత అటూ ఇటూ, చివరికి మూలలు. ఆమెకు కంఠతా వచ్చింది.

"మూలల్లోవి" అంది.

"కాదే అక్కా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"నా బుర్రకి ఎక్కట్లేదురా. రేపు మళ్ళీ చెప్పు."

అతను విసుక్కున్నాడు. రేపటిదాకా ఎందుకంటూ, అప్పుడే దుప్పటి సరిచేసి, మళ్ళీ మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.