సెలవులో ఉన్న పేజీలు

మా షిఫ్ట్ ఇన్‌చార్జ్ సారు పోయారని నాకు పదకొండు రోజుల తర్వాత తెలిసింది. పటాన్‌చెరు బస్టాండులో మా పాత క్యాంటీన్ వంటాయన కనబడి, "సారు పోయిండు గదా, నీకెవ్వరు చెప్పలేదా?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఒకరికి తోచేంత దగ్గరితనం నేనే ఉంచుకోలేదు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఆయన బాయిలర్ల దగ్గర, నేను ల్యాబ్‌లో. మమ్మల్ని కలిపింది వారపత్రికల్లో వచ్చే సీరియళ్లు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన కథను మిషను విప్పినట్టు విప్పేవారు. ఒకసారి ఓ సీరియల్ చూపించి, "ఈ పెద్దక్క మూడు వారాల సంది అన్నం తినలె. రాసెటాయన మర్శిండా, ఇంట్లోళ్లు మర్శిండ్రా?" అన్నారు. పాత సంచికలు తిరగేశాను. నిజమే. ఆమె అందరికీ వడ్డిస్తుంది, తను మాత్రం కూర్చోదు. కథలో మనిషిని చూడటం నాకు నేర్పింది ఆయనే.

ఆ కబుర్లన్నీ పెట్టడానికి ఒక వెబ్‌సైటు నేను తయారు చేశాను, బస్టాండు పక్క ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని. సారు ఒంటి వేలితో తెలుగు టైపు నేర్చుకున్నారు. రుద్రారం హాస్టల్లోని విద్యార్థులు కొందరు, ఎక్కడెక్కడి పాఠకులో ఇంకొందరు రాసేవారు. ఆయన దాన్ని అచ్చం షిఫ్టు దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు పని అప్పగిస్తూ రాసే లాగ్‌బుక్కులా నడిపారు. ఒక సీరియల్ మీద రాయడం ఆపేవాళ్లు చివర "చార్జ్ ఇచ్చాను" అనాలి. అందుకునేవాళ్లు కింద "చార్జ్ తీసుకున్నాను" అనాలి. నవ్వుకుంటూనే అందరం రాసేవాళ్లం.

"కథల ఎవడెందుకేం చేసిండో తెలిస్తే బాయిలర్ నడుస్తదా సార్?" అని వంటాయన ఆటపట్టించేవాడు.

"బాయిలర్ నడవది. నడిపెటోడు జెర సల్లబడతడు" అనేవారు సారు.

తగువు పేరు దగ్గర వచ్చింది. రుద్రారం విద్యార్థులు మా రాతలు కాలేజీ పత్రికలో వేస్తామని, ఎవరి పేరు పెట్టమంటారని అడిగారు. నా పేరే అన్నాను. పేరెందుకు, పాఠకులు రాసినవని వెయ్యమన్నారు సారు.

"సైటు నాది సార్. తయారు చేసింది నేను."

"చేసింది నువ్వే, కాదంటున్ననా? లాగ్‌బుక్కు స్టోర్లకెళ్లి తెచ్చినోనిది అయితదా? డ్యూటీల ఉన్నోళ్లందరిది."

"అందరిదంటే ఎవ్వరిది గాదు. సదివేది పది మంది. పేరు గూడ లేకుంటే ఇగ దీంతోని ఏం ఫాయిద?" అన్నాను.

ఆయన టిఫిన్ డబ్బాకు మూత పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే నేను రాసినవన్నీ సైటులోంచి తీసేశాను, ఇరవై పేజీల దాకా. నెల తిరక్కుండా ముత్తంగిలో గోదాము ఉద్యోగం చూసుకున్నాను. ముత్తంగి ఏమంత దూరం? బస్సెక్కితే చాలు. రెండేళ్లు ఎక్కలేదు. నా పొగరు అట్లాంటిది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"ఆఖరికి ఎట్లుండె?" అని బస్టాండులో వంటాయనను అడిగాను.

"ఒక్కడే గద. రూముల వండుకుంటుండెనో లేదో. సెలవు దినం గూడ క్యాంటీన్‌కే వస్తుండె."

కథలో అన్నం తినని మనిషిని పట్టుకున్న ఆయనను, తిన్నారా సార్ అని నేను ఒక్కనాడూ అడగలేదు.

అక్కడి నుంచి నేరుగా ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాను. సైటు ఉంది. నేను తీసేసిన ప్రతి పేజీకీ సారు శీర్షిక మళ్లీ పెట్టి, కింద ఒక్క వాక్యం రాశారు: "రాసినాయన సెలవులో ఉన్నాడు." ఇరవై చోట్లా అదే మాట, ఒంటి వేలితో. ఆ రెండేళ్లలో మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే మానేశారు. చివరిదాకా రాసింది ఆయన ఒక్కరే. ఆయన ఆఖరి రాత కింద "చార్జ్ ఇచ్చాను" అని ఉంది. తీసుకున్నవారి చోటు ఖాళీ.

మర్నాడు లక్డారంలో మా ఇంటి నుంచి పాత నోటుపుస్తకం తెచ్చి, ఆ పేజీలు తిరిగి ఎక్కించడం మొదలుపెట్టాను. అంతకంటే ముందు, ఆ ఖాళీలో "చార్జ్ తీసుకున్నాను" అని టైపు చేశాను. పేరు పెట్టలేదు.

ఫ్యాక్టరీలో తర్వాతి షిఫ్టు మనిషి రానిదే సారు గేటు దాటేవారు కాదు. ఎంత ఆలస్యమైనా టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ నిలబడేవారు. వచ్చినవాణ్ని ఎందుకు లేటని అడిగేవారు కాదు. ఒక్కటే మాట అనేవారు.

"వచ్చినవా? ఇగ నేను పోత."