మా ఆవిడకి రాసిన పథ్యం చీటీ

వైద్యశాలలో నా పని పథ్యం చీటీలు రాయడం. డాక్టరుగారు తెరకి అటువైపు నాడి చూసి చెబుతారు, నేను ఇటువైపు బల్ల దగ్గర రాస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే. ఆకలి వేస్తేనే తినాలి, వేడిగా తినాలి, కూర్చుని నిదానంగా తినాలి, పొట్టలో సగం అన్నానికి, పావు నీళ్లకి, తక్కిన పావు ఖాళీగా ఉంచాలి, తింటూ కబుర్లు చెప్పకూడదు. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తాను. అందరూ నన్ను పథ్యం మాస్టారు అంటారు. ఆ పిలుపు వింటే గాల్లో తేలిపోయేవాణ్ణి, దాచడమెందుకు!

ఇంట్లోనూ అదే దర్జా. పన్నెండున్నరకి గుమ్మంలో అడుగు పెట్టేసరికి పళ్లెంలో పొగలు కక్కుతూ అన్నం ఉండాలి. మా ఆవిడ పక్కన నిలబడి వడ్డించాలి. ఏదైనా చెప్పబోతే వేలు చూపించేవాణ్ణి.

"తినేటప్పుడు మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

పెళ్లయిన కొత్తలో గలగలా మాట్లాడే మనిషి, పాపం. తిన్నాక నూరు అడుగులు వేసి, ఎడమవైపు ఒరిగి కాసేపు నడుం వాల్చి, మళ్లీ పనికి వెళ్లిపోయేవాణ్ణి. తను ఎప్పుడు తింటుందో ఒక్కనాడూ అడగలేదు. అడగాలని తోచనే లేదు నా బుర్రకి.

ప్రతి మంగళవారం పొద్దున నేను మందులు తేవడానికి బజారుకి వెళ్తాను. ఆ వారం కొట్టు మూసి ఉందని తెలిసి వెళ్లలేదు. నేను బల్ల దగ్గరికి వచ్చేసరికే తెర అవతల డాక్టరుగారు ఎవరినో అడుగుతున్నారు.

"కళ్లు తిరగడం ఎప్పట్నుంచమ్మా?"

"నాలుగు నెలలైందండీ. మొన్న వంటింట్లో పడిపోయాను."

గొంతు మా ఆవిడది! డాక్టరుగారు తనని ఎప్పుడూ చూడలేదు. నేనుండని రోజు చూసుకుని వచ్చిందన్నమాట.

"పొద్దున ఏం తింటారు?"

"టీ తాగుతానండీ. ఆయన్ని పంపించేసరికి ఆకలి చచ్చిపోతుంది."

"మధ్యాహ్నం?"

"మూడు దాటాకండీ. గిన్నెలు తోముకుంటూ మిగిలింది నిలబడే ఓ రెండు ముద్దలు... చల్లారిపోయి ఉంటుంది కదా, సహించదు."

"మరి ఇంట్లో చెప్పలేదా?"

"ఆయన ఇంట్లో ఉండేది తినేటప్పుడూ, పడుకునేటప్పుడూనండీ. తినేటప్పుడు మాట్లాడకూడదు."

"రాయండి మాస్టారూ," అని డాక్టరుగారు కేకేశారు. అవతల మా ఆవిడ కుర్చీ కిర్రుమంది. "వేళకి తినాలి. వేడిగా తినాలి. కూర్చుని తినాలి. ఆ భర్త ఎవరో గానీ, వచ్చేసారి వెంటబెట్టుకు రమ్మనండి."

రాశాను. అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా వచ్చాయి.

చీటీ కోసం ఇటువైపు వచ్చింది. తప్పు తనే చేసినట్టు తల వంచుకుని నిలబడింది. ముంజేతి ఎముక పైకి తేలి ఉంది. రోజూ నాకు వడ్డించే చెయ్యి అది, ఎప్పుడు అంత చిక్కిపోయిందో నాకు తెలియలేదు. వెనక వరసలో పదిమంది ఉన్నారు, నన్ను మాస్టారూ అని పిలిచేవాళ్లే. ఈవిడ నా భార్య అనడానికి నోరు రాలేదు. చీటీ చేతిలో పెట్టి, "తరవాతివాళ్లు రండి," అన్నాను. ఛీ, నా బతుకు! తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది.

మర్నాడు సెలవు పెట్టాను. అన్నం, పప్పు నేనే వండాను, అన్నం అడుగంటింది. మాడనిదంతా పళ్లెంలో పెట్టి, పీట వేసి, "కూర్చో," అన్నాను. వద్దు వద్దంటూనే కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. అన్నం కలిపింది. ముద్ద చేసింది. నోటిదాకా తీసుకెళ్లి మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

"ఏమే, ఉప్పు చాల్లేదా? చెప్పు, పరవాలేదు. మాట్లాడు."

పళ్లెం కాస్త పక్కకి జరిపింది.

"ఏమీ అనుకోకండి," అంది మెల్లగా. "మీరు కాసేపు బయటికి వెళ్తారా? మీరు ఎదురుగా ఉంటే ముద్ద దిగట్లేదు."

లేచి బయటికి వెళ్లి తలుపు దగ్గరికి వేశాను. అప్పుడు తింది.